కోరల్ రూబెన్ దాచిపెట్టిన పని

జగ్గయ్యపేటలో రూబెన్ అంటే ఏ రూబెన్ అని అడుగుతారు. పాస్టరుగారి తమ్ముడు ఒక రూబెన్, లారీల మెకానిక్కు ఇంకో రూబెన్. కోరల్ రూబెన్ అంటే మాత్రం మరో ప్రశ్న రాదు. నేరుగా తీసుకెళ్లి బస్టాండు వెనక సందులో, జిరాక్సు షాపుకీ చెప్పుల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న గదిముందు నిలబెడతారు. ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు, సువార్త సభల పోస్టర్లు కంప్యూటర్‌లో తయారుచేయడం అతని వృత్తి. కోరల్‌డ్రా అనే ప్రోగ్రాంలో చేస్తాడు కాబట్టి ఆ పేరే ఇంటిపేరై కూర్చుంది. అసలు ఇంటిపేరు పెట్టి పిలిస్తే రూబెన్ పలుకుతాడో లేదో గానీ, కోరల్ అని పిలిస్తే మాత్రం మెడ కాస్త నిక్కించి మరీ తిరిగేవాడు.

ఆ గర్వం ఊరికే రాలేదు. పెళ్లికాని రోజుల్లో బెజవాడలో ఒక ప్రెస్సులో, పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ నేర్చుకున్నాడు. ఆ తర్వాత కోరల్‌కి వచ్చాడు. గోడముందు నిలబడి తీయించుకున్న ఫోటో ఇస్తే చాలు, మౌసుతో మనిషి చుట్టూ చుక్క చుక్కా పెట్టుకుంటూ పోయి, గోడని అక్కడే వదిలేసి మనిషిని మాత్రం బయటికి తీసేవాడు. జుట్టు దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగబట్టేవాడు. కస్టమరుకి కనబడేలా మానిటరు తిప్పి పెట్టుకుని, పని జరుగుతున్నంతసేపూ వాళ్లని ఎదురుగా కూర్చోబెట్టేవాడు. "అబ్బ, ఎంత ఓపికండీ మీకు!" అని వాళ్లు అంటే, ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నవాడిలా నవ్వేవాడు.

కంచికచర్లలో హైవే పక్కనున్న హోటల్ మేడమీద, ఈ చుట్టుపక్కల ఊళ్ల డిజైనర్లు, ప్రెస్సులవాళ్లు అప్పుడప్పుడు కలుసుకుంటారు. కిందటేడు అలాంటి ఒక మీటింగులో, కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిది అన్న మాట లేచింది. అందరూ రూబెన్ వైపు చూశారు. మనవాడు మైకు అక్కర్లేని గొంతుతో లేచి నిలబడ్డాడు.

"పేజ్‌మేకర్ ఉంది చూశారూ, అది మా అమ్మమ్మ. చెప్పిన మాట వింటది. పాటల పుస్తకం వెయ్యాలన్నా, పాత తెలుగు ఫాంట్లు పెట్టాలన్నా దాని తర్వాతే ఏదైనా. కాకపోతే కొత్తది నేర్చుకోమంటే నేర్చుకోదు. ఇన్‌డిజైన్ పట్నం అల్లుడు. పుస్తకాలకీ పత్రికలకీ పనికొస్తాడు, కాదన్ను. కానీ మన పాత ఫాంట్లు పెడితే మొహం తిప్పుకుంటాడు, మన పాత సిస్టమ్ మీద కూర్చోబెడితే అలిగి లేచిపోతాడు. ఫోటోషాప్ పౌడరు డబ్బా. మొహానికి రాయి, కాదన్ను. పౌడరుతో ఇల్లు కడతానంటే ఎట్టా? ఇహ కోరల్! కోరల్ కత్తిపీటండీ. చేతకానివాడు కూర్చుంటే వేలు తెగుద్ది. వచ్చినోడు కూర్చుంటే ఎన్ని అడుగుల ఫ్లెక్సీ అయినా అక్షరం అంచు చెదరదు."

జనం పడీ పడీ నవ్వారు. వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది. పేరు ఆమని. వాళ్లది నందిగామ దగ్గర మిర్చి, పత్తి పండించే కుటుంబం. నాన్నని ఒప్పించి నందిగామలో సొంతంగా ఫ్లెక్సీ ప్రింటింగ్ మిషను పెట్టుకుని ఏడాది కూడా కాలేదు.

"అంకుల్, మరి ఫోన్‌లో చేసే యాప్ గురించి చెప్పలేదండి. నేను సగం పనులు దాన్లోనే చేస్తున్నా. కస్టమర్ పక్కన కూర్చుని, వాళ్లు చెప్తుంటేనే మార్చేస్తా. తప్పులు అక్కడికక్కడే తెలిసిపోతాయి."

"అదా! అది కర్రీ పాయింటమ్మా," అన్నాడు రూబెన్. "ఎవరో వండి పెట్టింది గిన్నెలో పోసుకుని, మా ఇంట్లో వండానని చెప్పుకోవడం. కడుపు నిండొచ్చు. దాన్ని వంట అనకూడదు. నీది డిజైనింగ్ కాదు తల్లీ, వడ్డన."

ఈసారి నవ్వు కిందున్న రోడ్డుదాకా వినబడింది. ఆమని కూడా నవ్వింది గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రమే డిజైనర్ల వాట్సాప్ గ్రూపులో తాను యాప్‌లో చేసుకున్న, ఎవరైనా తెరిచి ఫోటోలు మార్చుకోగల కొన్ని డిజైన్ల లింకు పెట్టి, "రూబెన్ అంకుల్, మీలాంటి పెద్దవాళ్లు ఒకసారి వాడి చూసి తప్పులు చెప్తే నేర్చుకుంటా" అని రాసింది. అందరూ బొటనవేలి బొమ్మలు పెట్టారు. రూబెన్ చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. చెప్పినవాడు తన మాట తానే వినకపోతే ఏమంటారో తెలియదు. వానాకాలం వచ్చేసరికి రూబెన్ కుడి మణికట్టు మొరాయించింది. మౌసు పట్టుకుంటే మోచేతిదాకా లాగేది. ఒకరోజు ఎవరో పుట్టినరోజు బ్యానరుకని వచ్చి కూర్చున్నాక కరెంటు పోయింది. వచ్చినవాళ్లకేమో తొందర. రూబెన్ ఫోను తీసి, గోడవైపు తిరిగి, గ్రూపులో వెనక్కి వెనక్కి వెళ్లి ఆ లింకు నొక్కాడు. పాత ఫోటో తీసేసి కొత్త ఫోటో పెట్టాడు, పేరు మార్చాడు. ఒక్క బటను నొక్కితే ఫోటో వెనకున్న గోడ దానంతటదే పోయింది. జుట్టుతో సహా, ఎక్కడా నలగకుండా. తాను ఊపిరి బిగబట్టి చేసే పని అది ఊదేసింది.

రూబెన్‌కి ముందు కలిగింది సంతోషం కాదు, సిగ్గు. ఊరందరికీ ఇంటివంట గురించి నీతులు చెప్పి, కర్రీ పాయింటు ముందు క్యారేజీతో దొరికిపోయినట్టు అనిపించింది. అయినా వదల్లేదు. ఎట్లా వదులుతాడు? చెయ్యి నొప్పిలేదు, పని అయిపోయింది, కస్టమరు చాలా బాగుందన్నాడు.

ఆ తర్వాత కాపురం రెండుగా నడిచింది. బల్లమీద మానిటరులో కోరల్ తెరిచి ఉండేది, ఎప్పుడో సగం కత్తిరించి వదిలేసిన పెళ్లికొడుకు బొమ్మతో. బల్లకింద సొరుగులో ఫోను ఉండేది. కస్టమరు ఉన్నంతసేపూ మౌసు అటూ ఇటూ కదిపేవాడు, వాళ్లు వెళ్లగానే సొరుగు లాగేవాడు. చిక్కల్లా ఒకటే. పని ఇలా ఇవ్వగానే అలా అయిపోతే కోరల్ రూబెన్ ఎక్కడ మిగులుతాడు? అందుకని అయిపోయిన పనిని దాచేవాడు. ఈరోజు చేసింది ఎల్లుండి ఇచ్చేవాడు. "సగమైంది", "కటింగ్‌లో ఉంది", "రంగులు సరిచూస్తున్నా" అంటూ ఫోన్లలో అబద్ధాలు అల్లేవాడు. ఒకప్పుడు చెమటోడ్చి పని చేసినవాడు, ఇప్పుడు అంతే చెమటోడ్చి పని చేస్తున్నట్టు నటించేవాడు.

భార్య కృపాజ్యోతికి అంతా తెలుసు. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు. పిల్లలు హోంవర్కు ఎక్కడ కాపీ కొట్టారో ఇట్టే పట్టేస్తుంది, మొగుడి సొరుగు ఒక లెక్కా?

"ఫోన్‌లో చేస్తే తప్పేంటండి? ఫోన్‌లో చేశానని చెప్పండి. చేతినొప్పని చెప్పండి. పని అయిపోయినా ఆళ్లని అట్టా తిప్పుకోవడమే నాకు నచ్చట్లా."

"నీకు తెలీదు. పేరు సంపాయించడం నీకు తెలీదు," అనేవాడు రూబెన్, ఆమె మొహంలోకి చూడకుండా.

అటువంటి రోజుల్లో కిషోర్‌బాబు వచ్చాడు. సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రతిష్ఠ ప్రార్థనకి గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కావాలన్నాడు. కిషోర్‌బాబు తండ్రి బాలస్వామి మాస్టారు పోయి ఏడాది దాటింది. తల్లి సౌభాగ్యమ్మ టీచరుగారు రూబెన్‌కి ఒకటో తరగతిలో అక్షరాలు దిద్దించిన మనిషి.

"నాన్నగారి ఫోటో పైన మేఘాల్లో పెట్టండి రూబెన్‌గారూ. అమ్మ ఫోటో కింద మా అందరి మధ్యలో, కొంచెం పెద్దగా. ఇల్లు అమ్మ పేరు మీదే పెడుతున్నాం. అచ్చుకి ఇచ్చేముందు ఒకసారి నాకు పంపండి, అమ్మకి కూడా చూపిస్తా."

"మీరు చెప్పాలా సార్! టీచరుగారి పని. ఒక్కో వెంట్రుకా చూసుకుని చేస్తా," అన్నాడు రూబెన్.

ఫ్లెక్సీలకి ఒక పద్ధతుంది, అది ఈ వైపు అందరికీ తెలిసిందే. బతికున్నవాళ్లంతా కింద. పోయినవాళ్లు పైన, తెల్లటి మేఘాల మధ్య గుండ్రటి చట్రంలో. చదువురానివాళ్లు కూడా ఫోటో ఎక్కడుందో చూసి మనిషి ఉన్నాడో లేడో చెప్పేస్తారు. ఆమని పెట్టిన డిజైన్లలో అచ్చం ఇలాంటి ఫ్లెక్సీయే ఒకటుంది. అది అమ్మా నాన్నా ఇద్దరినీ పోగొట్టుకున్న కుటుంబానికి చేసింది. అందుకని మేఘాల్లో రెండు గుండ్రటి చట్రాలు పక్కపక్కన ఉన్నాయి, కింద "ప్రభువునందు నిద్రించినవారు" అని అందమైన అక్షరాలు. రూబెన్ ఒక చట్రంలో బాలస్వామి మాస్టారిని పెట్టాడు. రెండోది ఖాళీగా ఉంది. ఇన్నేళ్లుగా కొన్ని వందల పెళ్లికార్డుల్లో, షష్టిపూర్తుల్లో భర్త పక్కన భార్యను పెట్టి పెట్టి అలవాటైన వేలు, ఆలోచించకుండా సౌభాగ్యమ్మగారిని తీసుకెళ్లి ఆ ఖాళీలో కూర్చోబెట్టింది. జంట చూడముచ్చటగా ఉందనుకున్నాడు. కింద కొడుకూ కోడలూ మనవళ్లూ సరిపోయారు. పని అయిపోయింది. ఫోను సొరుగులో పెట్టాడు.

ఆ పూటే కిషోర్‌బాబుకి పంపి ఉంటే, అతను ఫోనులోనే గుండె పట్టుకుని, తిట్టి, మార్పించి ఉండేవాడు. అంతటితో పోయేది. కానీ పంపితే ఇంత తొందరగా ఎట్లా అయిందంటాడు. రెండ్రోజులు ఆపాడు రూబెన్. మధ్యలో కిషోర్‌బాబు ఫోన్ చేస్తే, "ఇంకా కటింగే అవ్వలేదు సార్. అమ్మగారి జుట్టు తెలుపు, వెనక గోడా తెలుపే. నా పాట్లు దేవుడికి తెలుసు" అన్నాడు. దేవుడికి నిజంగానే తెలుసు. చివరికి రెండో రోజు సాయంత్రం, ఇక టైము లేదని, ఎవరికీ చూపించకుండా బెజవాడలో ప్రింటింగ్‌కి పంపేశాడు. తెల్లారి ఫ్లెక్సీ చుట్ట బస్సులో వచ్చింది. కిషోర్‌బాబు తాలూకు కుర్రాళ్లు బస్టాండులో దించుకుని, అటునుంచి అటే తీసుకెళ్లి గేటుకి కట్టేశారు. గుడారాలు వేసేవాళ్లతో, వంటవాళ్లతో తలమునకలుగా ఉన్న ఇంటివాళ్లు ఎవరూ బయటికొచ్చి తలెత్తి చూడలేదు.

చూసింది పున్నమ్మ. వేదాద్రి దగ్గర్నుంచి ఆటోలో దిగిన ముసలామె, సౌభాగ్యమ్మగారి చిన్ననాటి స్నేహితురాలు. గేటుముందు నిలబడి కళ్లద్దాలు సర్దుకుని పైకి చూసింది. చేతిలోని సంచి కింద పడిపోయింది.

"ఓయమ్మో సౌభాగ్యం! నువ్వు కూడా పోయావా తల్లీ! నాకు కబురన్నా చెయ్యలేదే!" అంటూ నేలమీద కూలబడి శోకాలు మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, కృపాజ్యోతితో కలిసి రూబెన్ బండి దిగాడు. ఏడుపు విని లోపల్నుంచి జనం పరుగెత్తుకొచ్చారు. వాళ్ల వెనకే, ఎవరికేమైందో అనుకుంటూ, కొత్త చీర కుచ్చిళ్లు పట్టుకుని సౌభాగ్యమ్మగారూ వచ్చారు. పున్నమ్మ ఆమెను చూసి కెవ్వుమంది. సౌభాగ్యమ్మగారు పున్నమ్మని చూసి, ఆమె చూపు వెంబడి పైకి చూశారు. మేఘాల్లో భర్త పక్కన తానే నవ్వుతున్నారు.  ఆమె ఒక చెయ్యి మెల్లగా గేటు ఊచ మీద వేశారు.

 ఆ క్షణంలో రూబెన్‌కి అంతా ఒక్కసారే కనబడింది. రెండు చట్రాలు, ఖాళీ, తన వేలు.

"ఏంటండి ఇది?" అన్నాడు కిషోర్‌బాబు. "రూబెన్‌గారూ, ఏంటిది? బతికున్న మా అమ్మని..."

చుట్టూ సంఘపు పెద్దలు, ఫ్యాక్టరీవాళ్లు, చుట్టాలు. అందరూ తన కస్టమర్లే. రూబెన్ నోరు తెరిచాడు. ఏం చెప్పాలో అనుకోలేదు. మాటే దానంతటది వచ్చేసింది.

"ఇది నేను చేసింది కాద్సార్. చెయ్యి నొప్పిగా ఉండి నందిగామ అమ్మాయికి ఇచ్చా. ఆమని అని. ఆ ఫోన్ యాప్‌లో చేసేస్తారండి వీళ్లు, చూస్తే తెలీట్లా? నేనైతే కోరల్‌లో చేద్దును. నా చేతిలో ఇట్టాంటిది ఎప్పుడన్నా జరిగిందా?"

"అదీ సంగతి," అన్నారెవరో. "కోరల్ రూబెన్ ఇట్టా చెయ్యడే అనుకుంటున్నా."

పక్కన నిలబడ్డ కృపాజ్యోతి అతని వైపు తిరిగి చూసింది. వెళ్లి, పున్నమ్మని లేవదీసి, ఆమెతో పాటు లోపలికి నడిచింది.

కిషోర్‌బాబు నంబరు అడిగాడు. రూబెన్ ఇచ్చాడు. ఎందుకిచ్చాడంటే, ఇవ్వకపోవడానికి కారణం చెప్పాలి గనక. కిషోర్‌బాబు ఫ్లెక్సీ ఫోటో తీసి ఆమనికి పంపి, ఫోన్ చేసి, నోటికొచ్చినట్టు అరిచాడు. "రూబెన్‌గారు నీకిస్తే నువ్వు చేసే పని ఇదా?" అన్నాడు.  అవతల ఆమె ఏదో చెప్పింది. కిషోర్‌బాబు ఫోన్ పెట్టేసి, "డిజైన్ తనదేనంట. ఫోటోలు పంపితే కొత్తది ప్రింట్ తీసి తనే తీసుకొస్తానంది" అన్నాడు.

రూబెన్‌కి అర్థం కాలేదు. కాదని అంటుందనుకున్నాడు. కాదంటే తాను ఎట్లా బుకాయించాలో అప్పటికే మనసులో కూడగట్టుకుని ఉన్నాడు. అవేవీ అవసరం లేకుండా పోయాయి. తేలు కుట్టిన దొంగకి కనీసం నొప్పయినా ఉంటుంది, ఇక్కడ కుట్టింది వేరేవాళ్లని.

ప్రార్థన మొదలయ్యేలోపే ఆమని వచ్చింది. నందిగామ నుంచి హైవే మీద లారీల మధ్య స్కూటీ తోలుకుంటూ వచ్చినట్టుంది, చున్నీ అంతా దుమ్ము. ముందు తిన్నగా సౌభాగ్యమ్మగారి దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకుంది.

"క్షమించండమ్మా."

"పోన్లే తల్లీ," అన్నారు సౌభాగ్యమ్మగారు. "ఆయన పక్కనే పెట్టారుగా, పరాయివాళ్ల పక్కన పెట్టలా. పున్నమ్మ నాకోసం ఎంత ఏడుస్తదో కూడా తెలిసింది."

అందరూ నవ్వారు. ఆమని నవ్వబోయి, కళ్లు తుడుచుకుంది. కిషోర్‌బాబు మాత్రం నవ్వలేదు. "చూడమ్మా, అమ్మ పెద్దమనిషి కాబట్టి సరిపోయింది. మా సంఘంలో గానీ, మా ఫ్యాక్టరీలో గానీ ఇకమీదట నీకెవరూ పని ఇవ్వరు. ఆ మాట నేను అందరికీ చెప్తా" అన్నాడు. ఆమని సరేనన్నట్టు తలూపింది.

పాత ఫ్లెక్సీ దించి కొత్తది కట్టాలి. చుట్ట విప్పి, ఒక కొస తాను పట్టుకుని, రెండోది రూబెన్‌కి అందించింది. "అంకుల్, ఇది కాస్త పట్టుకోండి."  రూబెన్ తాడు ముడి వేస్తుంటే వేళ్లు వినలేదు. ఆమె పక్కన నిలబడి, అతను ముడి వేసేదాకా చూసి, చివర్లు బిగించి, భోజనం చెయ్యమని ఎవరో అన్నా ఆగకుండా వెళ్లిపోయింది. కొత్త ఫ్లెక్సీలో మాస్టారు పైన ఒక్కరే ఉన్నారు. టీచరుగారు కింద అందరి మధ్యలో, కొంచెం పెద్దగా ఉన్నారు.

ప్రార్థన జరిగినంతసేపూ రూబెన్ పాట పాడలేదు. ఎప్పుడూ ముందు వరసలో గొంతెత్తే మనిషి. ఆడవాళ్ల వైపు కృపాజ్యోతి తల వంచుకుని కూర్చుంది, ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. భోజనాల దగ్గర విస్తరిముందు కూర్చుంటే, అటుగా వెళ్లే ప్రతివాడూ "మీ తప్పేముందిలే, పిల్లచేష్టలు" అని ఓదార్చి పోతున్నాడు.  తిట్లు తిన్నా ఇంత సిగ్గయ్యేది కాదు. మధ్యలోనే లేచి చెయ్యి కడుక్కుని, లోపలి గదిలో కూర్చున్న సౌభాగ్యమ్మగారి దగ్గరికి వెళ్లాడు. కిషోర్‌బాబు, ఇద్దరు ముగ్గురు పెద్దలు అక్కడే ఉన్నారు.

"టీచర్‌గారూ, ఆ ఫ్లెక్సీ నేనే చేశానండి. ఆ అమ్మాయికి ఏం సంబంధం లేదు."

 కిషోర్‌బాబు లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎంత మంచివారండీ మీరు! ఆ పిల్లకి పని పోతదని నెత్తినేసుకుంటున్నారు కదా?"

"కాద్సార్, నిజంగానే..."

"చూశారా," అన్నాడు కిషోర్‌బాబు మిగతావాళ్లతో, "పెద్దరికమంటే ఇదీ."

సంఘపెద్ద ఒకాయన, "దేవుడు మిమ్మల్ని దీవించును గాక" అన్నాడు. ఆ మాటకి రూబెన్‌కి నిలువునా కాలిపోయినట్టైంది. ఇన్నాళ్లూ అబద్ధం చెప్తే నమ్మారు. ఇవాళ నిజం చెప్తుంటే దీవిస్తున్నారు. ఫోను తీసి యాప్‌లో ఉన్న ఫ్లెక్సీ చూపించాడు. ఆ అమ్మాయి పంపించి ఉంటుందన్నారు. కోరల్ రూబెన్ ఫోన్‌లో పనిచెయ్యడమేమిటన్నారు.

రూబెన్ ఒక కుర్చీ లాక్కుని సౌభాగ్యమ్మగారి ఎదురుగా కూర్చున్నాడు. ఎన్నో ఏళ్ల నుంచి కస్టమర్ల ముందు మానిటరు తిప్పి పెట్టినట్టే, ఫోను తెర అందరికీ కనబడేలా పట్టుకున్నాడు.

"చూడండి. ఇక్కడే చేస్తా."

ఆ మేఘాల డిజైను మళ్లీ తెరిచాడు. ఒక బటను నొక్కితే మాస్టారి వెనకున్న గోడ పోయింది. ఇంకోటి నొక్కితే ఆయన వెళ్లి చట్రంలో కూర్చున్నారు. తర్వాత సౌభాగ్యమ్మగారి ఫోటో. వెనక తెల్లగోడ, తెల్లజుట్టు, బటను నొక్కితే అదీ పోయింది. పాపపు బొటనవేలు ఈసారీ అటే పోయింది. టీచరుగారు వెళ్లి మేఘాల్లో భర్త పక్కన కూర్చున్నారు. పొద్దున గేటుకి కట్టిన ఫ్లెక్సీ, అచ్చుగుద్దినట్టు అదే, తెరమీదికొచ్చింది. కిషోర్‌బాబు చెయ్యి రూబెన్ భుజం మీది నుంచి మెల్లగా జారిపోయింది. గుమ్మం దగ్గర కృపాజ్యోతి ఎప్పుడొచ్చిందో, నిలబడి ఉంది.

సౌభాగ్యమ్మగారు కళ్లద్దాల్లోంచి తెరని, తర్వాత రూబెన్‌ని చూశారు. పలకమీద తప్పు రాసినప్పుడు చూసే చూపు అది. కోపం లేదు.

"ఇంతేనా రూబెన్, పని?"

"ఇంతేనండి."

"మరి రెండ్రోజులు ఏం చేశావు? అబ్బాయి అడుగుతూనే ఉన్నాడుగా. నా జుట్టు కష్టంగా ఉందన్నావంటగా?"

రూబెన్ తల వంచుకున్నాడు. ఈ ఒక్క ప్రశ్నా ఎవరూ అడగకుండా ఉండాలనే ఇన్ని నెలలు సొరుగు తెరిచాడు, మూశాడు.

"ఊరికే ఉంచానండి. తొందరగా ఇస్తే నా పనికి విలువుండదని... ఫోన్‌లో చేస్తున్నానని ఎవరికీ తెలీకూడదని. చేశాక ఒక్కసారి మీకు చూపిస్తే సరిపోయేది. నా గొప్ప కోసం దాచుకున్నా. దొరికిపోయాక ఆ పిల్ల పేరు చెప్పా."

ఎవరూ దీవించలేదు. సంఘపెద్ద గొంతు సవరించుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. కిషోర్‌బాబు మొహం ఎర్రగా కందిపోయింది, ఆ పిల్లని తాను అన్న మాటలు గుర్తొచ్చినట్టున్నాయి.

"ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యి," అన్నారు సౌభాగ్యమ్మగారు. "ఇక్కడే, మా అందరికీ వినబడేట్టు."

రూబెన్ చేశాడు. ఆమె ఎత్తేసరికి వెనక లారీల హోరు, ఎక్కడో రోడ్డుపక్కన బండి ఆపినట్టుంది.

"చెప్పండంకుల్," అంది కంగారుగా. "కొత్త ఫ్లెక్సీలో కూడా ఏమన్నా తప్పు వచ్చిందా?"

"లేదమ్మా. అది బాగుంది. తప్పు పాతదాన్లోనే, అది నేను చేసిందే. ఇక్కడ అందరికీ చెప్పేశా, అందరూ వింటున్నారు. నీ మీద పెట్టడం... నువ్వెందుకు కాదనలేదమ్మా?"

లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ చప్పుడు సద్దుమణిగాక ఆమని అంది.

"అంతమందిలో మిమ్మల్ని అబద్ధాలకోరు అనలేకపోయానంకుల్. మీరే చెప్తారులే అని, ఆ తాడు కట్టేదాకా మీ పక్కనే నిలబడ్డా."